ఒక కొమ్మ దూరం

అనంతగిరి కొండ మీద, మన ఊరు
1929 ఏప్రిల్ 26, శుక్రవారం

ఒక కొమ్మ దూరంలో ఉన్నానని రాశావు. కొమ్మ వాడిపోయింది. నువ్వు రాలేదు.

దండాలూ క్షేమాలూ ఏవీ రాయను. కోపం తగ్గితే చివర్లో రాద్దామనుకున్నాను. తగ్గదని ఇప్పుడే తెలుస్తోంది.

మొన్న మంగళవారం చైత్ర పున్నమి, విత్తనాల పండగ. నాన్న పోయాక వచ్చిన మొదటి పండగ. ఇంటి పెద్దకొడుకు ఊరి పూజారి దిసారి చేతి నించి ఆకు దొన్నెలో విత్తనం పట్టాలి. పట్టకపోతే ఆ ఏడు ఆ ఇంటివాళ్ళు కొండ మీద గునపం దించకూడదు. ఇవన్నీ నీకు తెలీనివా? తెలిసినవే. ఆరేళ్ళుగా సర్వే దొర వెనకాల కొలత గొలుసు లాగుతూ దేశాలు తిరుగుతున్నావు కాబట్టి మర్చిపోయినవాడికి చెప్పినట్టు చెబుతున్నాను.

నీ ఉత్తరం పండగకి అయిదు రోజుల ముందు అందింది. టపా మనిషి ఘాటీ ఎక్కి వస్తూ దూరం నించే గజ్జెలు మోగించాడు. నేను దొర కాఫీ తోటలో నారు బుట్ట మోస్తున్నాను. బుట్ట దింపి పరిగెత్తాను. ఆ సాయంత్రం ఊరి పెద్ద నాయుడి అరుగు మీద, ఊరంతా వింటుంటే, నేనే చదివాను. నీ అక్షరాలు ఇవి:

"కరాచీ నించి మన ఎర్రమెట్టకి మ్యాపు మీద గీత గీసి కొలిచాను. పదకొండు వందల పాతిక మైళ్ళు. మా విమానానికి పన్నెండు గంటలు. సీమలో లండను నించి ఇక్కడికి అయిదు వేల మైళ్ళు ఏడు రోజుల్లో టపా వచ్చిపడుతోంది, ఇదొక లెక్కా? పొద్దున్న విరిచిన కొమ్మ వాడేలోగా నేను మెట్ట మీద ఉంటాను. ఇప్పుడు నేను మీకు ఒక కొమ్మ దూరమే చెల్లీ."

ఆ మాట చదవగానే దిసారి సుక్రు తాత లేచి నిలబడ్డాడు. "ఒక కొమ్మేనా? ఇంకోసారి సదువు" అన్నాడు. ఇంకోసారి చదివాను. మూడోసారి కూడా.

మన దగ్గర మైళ్ళు లేవు. బయల్దేరేటప్పుడు గుగ్గిలం కొమ్మ విరిచి భుజాన వేసుకుంటాం. ఎక్కడ ఆకు వాడితే అక్కడికి ఒక కొమ్మ. తోటకి పావు కొమ్మ, హుకుంపేటకి రెండు కొమ్మలు. ఒక కొమ్మ లోపల ఉన్నవాడు దారిలో ఉన్నట్టే లెక్క. ఊళ్ళో ఉన్నట్టే. అందుకని పండగనాడు పొద్దు పొడవగానే సుక్రు తాత నీ పేరు పిలిచి కొమ్మ విరిచి మన గుమ్మానికి కట్టాడు. ఊళ్ళో పిల్లలు, గుంటలూ గుంటళ్ళూ, అంతా ఎర్రమెట్ట ఎక్కి మెడలు నొప్పెట్టేదాకా ఆకాశం చూశారు. కొట్టు సన్యాసిరావు, మైదానం మనిషి, ఉప్పు బస్తా మీద కూర్చుని నవ్వాడు. "ఏటే గుంటా, మీ అన్న గాల్లో వత్తన్నాడంట. మా కొట్టు కప్పు మీద దిగొద్దని సెప్పు. కొత్త తాటాకు" అన్నాడు.

మధ్యాహ్నానికి ఆకు అంచులు ముడుచుకున్నాయి. ఎవరూ చూడకుండా నీళ్ళు చల్లాను. సుక్రు తాత చూశాడు. "వద్దే, ఆకుకి అబద్దం నేర్పకు" అన్నాడు, అంతే. పొద్దు వాలేసరికి కొమ్మ వేలాడిపోయింది.

నేను లేచి దొన్నె పట్టాను. "ఇంట్లో ఉన్నది నేను. నాకు పొయ్యండి" అన్నాను. భీమన్న నాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడు దూరం పోయుంటే నీకే పోద్దుము. ఆడదైనా ఇంట్లో ఉన్న సెయ్యే సెయ్యి. ఆడు ఒక్క కొమ్మలో ఉన్నానని కాయితం మీద రాసేడు. ఒక్క కొమ్మలో ఉన్నోడికి బదులు ఇంకో సెయ్యి పట్టకూడదు."

"మా అన్న హాస్యానికి రాశాడు" అన్నాను.

"నోటి మాటైతే హాస్యం. కాయితం హాస్యమవదు" అన్నాడు.

మన దొన్నె ఆషాఢ పున్నమి దాకా సుక్రు తాత ఇంట్లో ఉంటుంది. అది దాటితే సామలు జల్లినా గింజ పట్టదు కాబట్టి నాన్న సాగుచేసిన ఎర్రమెట్ట ఊరిదైపోతుంది. ఊరు దాన్ని తోట దొరకి కాఫీ నారుమళ్ళకి ఇస్తుంది. తోట మేస్త్రి అప్పుడే వచ్చి మెట్ట అంచున నాలుగు మేకులు పాతిపోయాడు. మెట్ట పోతే ఆ కింద ఉన్న మన పాకా పోతుంది. నేను కూలీ లైన్లలో గది పట్టుకోవాలి. అక్కడ గదికి నంబరు ఉంటుంది, మనిషికి పేరు ఉండదు.

రా. విమానమో, పడవో, నీ ఇష్టం.

రత్నాలు

*

కరాచీ, విమానాల మైదానం
1929 మే 8, బుధవారం

కోపంలో ఉన్న మా రత్నాలుకి అన్న గాసి అనేక దీవెనలతో.

నీ ఉత్తరం సోమవారం అందింది. పది రోజులు పట్టింది. చదివి ముందు నవ్వాను, తర్వాత నవ్వలేదు. ఊరంతా ఆకాశం చూస్తూ కూర్చోవడం ఏటి? నేను విమానం ఎక్కి వస్తానని ఎక్కడ రాశాను? నేను మైదానంలో కూలీని. పెట్రోలు తోలుగుడ్డలో వడగట్టి పోస్తాను. విమానం దిగితే రెక్క కొస పట్టుకుని ఈడుస్తాను. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ సంచి చిరిగితే కుడతాను. గొలుసు లాగినవాణ్ణని ఈ మైదానానికి కొలతలు పట్టించింది కూడా నాచేతే. కానీ విమానం లోపల కాలు పెట్టలేదు. అది దొరలకీ టపా సంచులకీ.

ఒక మాట మాత్రం నాయుడికి గట్టిగా చెప్పు. నా లెక్క తప్పు కాదు. పదకొండు వందల పాతిక మైళ్ళు, అటూ ఇటూ అయిదు మైళ్ళు. గీత దూరం అంటే అదే. కొండలూ ఏళ్ళూ లెక్కలోకి రావు. పిట్ట ఎగిరినట్టు. ఆరేళ్ళు గొలుసు పట్టిన చెయ్యి నాది. సర్వే దొర కూడా నా లెక్క తిరిగి చూడడు. గంటకి తొంభై అయిదు మైళ్ళ చొప్పున పన్నెండు గంటలు. పొద్దున్న విరిచిన కొమ్మ సాయంత్రానికి వాడుతుంది. అది ఒక కొమ్మే. కాదన్నవాణ్ణి మ్యాపు తెచ్చుకోమను.

లండను సంగతి సుక్రు తాతకి సరదాగా ఉంటుంది, చదివి వినిపించు. అక్కడ శనివారం పొద్దున్న విమానం లేస్తుంది. సాయంత్రం ఒక ఊళ్ళో దిగి మనుషులూ సంచులూ రైలెక్కుతారు. ఆ మధ్యలో ఒక దేశం మీదుగా ఎగరడానికి వీళ్ళకి సెలవు దొరకలేదట. మర్నాడు సముద్రం ఒడ్డున రైలు దిగి, నీటి మీద తేలే విమానం ఎక్కుతారు. అది పడవ లాగే ఉంటుందట, నేను చూడలేదు. ఈజిప్టు దేశం చేరాక మళ్ళీ నేల మీద దిగే విమానం. ఆ మీదట ఎడారులూ, బాగ్దాదూ, ఉప్పు సముద్రం అంచూ. వెలుతురున్నంతసేపే ఎగురుతారు. శుక్రవారానికి మా సున్నపు గీత మీద దిగుతారు. పైలట్ దొర దిగగానే ముందు చెవులు గుంజుకుంటాడు, రెండు గంటలసేపు ఏం చెప్పినా వినబడదు. మొదటిసారి నేను దండం పెట్టి "దొరా, మంచినీళ్ళా?" అంటే నాకు గడియారంలో టైము చెప్పాడు.

ఈ గొడవకి ఇంత కోపం ఎందుకు? వచ్చే సోమవారం బయల్దేరుతాను. ఇక్కడి నించి బొంబాయికి పడవ, అక్కడి నించి రైలు. మొత్తం ఆరు రోజులు. దొన్నె పట్టి, మెట్ట నీకు ఒప్పజెప్పి, వారం ఉండి వెనక్కి వస్తాను. సెలవు అడిగాను, దొర తల ఊపాడు. సుక్రు తాతకి ఇంకో కొమ్మ కట్టమను. ఈసారి వాడనివ్వను.

నీకు ఎర్ర అద్దకం గుడ్డ కొన్నాను. దానికైనా నవ్వు.

నీ అన్న
గాసి

*

కరాచీ
1929 మే 12, ఆదివారం

రత్నాలుకి,
ఈ సోమవారం కాదు. టపా ఎక్కువొచ్చింది, ఇద్దరికి జ్వరాలు, దొర కదలనివ్వడం లేదు. వచ్చే సోమవారం తప్పకుండా. తొందర్లో కార్డు రాస్తున్నాను.
గాసి

*

మన ఊరు
1929 జూన్ 3, సోమవారం

నీ వచ్చే సోమవారం ఇక్కడికి చేరేసరికి పోయిన సోమవారం అవుతోంది. ఇది నీకు తెలీదా, కొలతల మనిషివి?

మే ఎనిమిదిన రాసిన ఉత్తరం పద్దెనిమిదిన అందింది. వచ్చే సోమవారం బయల్దేరుతానని ఉంది. మర్నాటికి మర్నాడు సోమవారం. సరే, ఆ సోమవారం లెక్కపెట్టి ఆరు రోజులు కలిపి ఆదివారం వస్తాడని నాయుడితో చెప్పాను. బుధవారం కార్డు వచ్చింది. మళ్ళీ వచ్చే సోమవారం. నాయుడి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "ఇంకో వారం" అన్నాను. నిన్న ఆదివారంతో ఆ వారం కూడా అయింది. పొద్దున్నించి ఘాటీ మలుపు దగ్గర బండరాయి మీద కూర్చున్నాను. శృంగవరపుకోట నించి వచ్చే బళ్ళన్నీ చూశాను. ఒక బండిలో దొరగారి కుక్క వచ్చింది. నువ్వు రాలేదు.

ఆ తర్వాత కార్డు తిరగేసి తారీఖు చూశాను. మే పన్నెండు. అంటే నీ సోమవారం మే ఇరవై. నేను దాన్ని ఇరవై ఏడు అనుకున్నాను. తప్పు నాదీ ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఇరవైనే బయల్దేరి ఉంటే ఇరవై ఆరుకే ఇక్కడ ఉండాలి. ఏ సోమవారం తీసుకున్నా నువ్వు రాలేదు. నీ సోమవారాలన్నీ నా వేళ్ళ మీద ఉన్నాయి.

ఆరు రోజులన్న నీ మాట కూడా పట్టి చూశాను. నాకు రైలు వేళల కాయితం దొరికింది. సన్యాసిరావు ఉప్పు కట్టిచ్చిన పొట్లం. బొంబాయి నించి వాడీ, వాడీ నించి బెజవాడ దాకా ఉంది, అక్కడ చిరిగిపోయింది. మిగిలిన ముక్క కోసం ఆ వారం ఉప్పు కొన్న ఇళ్ళన్నీ తిరిగాను. గంగమ్మ ఇంట్లో దొరికింది, పసుపు మరకలతో. బెజవాడ నించి వాల్తేరు, కొత్తవలస. అక్కడ దిగితే శృంగవరపుకోటకి బండి, పైకి నడక. నీ పడవ రెండు రోజులు కలిపితే ఆరే. అంటే ఆరు రోజుల్లో రాగలవు. ఆరేళ్ళుగా రాగలవు. పొట్లం కాయితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని, నాకీ లెక్క తెలిసింది. నీకు తెలీదనుకోను.

రైలు ఎక్కడం తక్కువ అనుకుంటున్నావా? నువ్వే రాశావు కదా, లండను నించి వచ్చే గాలి టపా కూడా మధ్యలో దిగి రైలెక్కుతుందని. విమానానికి లేని సిగ్గు నీకెందుకు?

సుక్రు తాతకి ఆ ముక్క చదివి వినిపించాను. ఒక కొమ్మలోపల అంత దేశం దాటేసేవాళ్ళు ఇంకొకడి దేశం మీద ఎగరడానికి సెలవు అడగాలా అని నవ్వాడు. నవ్వి అన్నాడు, "అయితే ఆళ్ళూ నాయుణ్ణి అడగాలన్నమాట."

ఇప్పుడు అసలు సంగతి. నీ లెక్క తప్పు కాదని నాయుడికి గట్టిగా చెప్పమన్నావు. నేను ఆ కాయితం దాచేస్తే పోయేది. దాచలేదు. "ఇంకో కాయితం వచ్చింది" అని మేస్త్రే ఊరంతా చెప్పాడు, నాయుడు పిలిచాడు, చదివాను. నువ్వు పొగరుగా రాసినదంతా చదివాను. భీమన్న నాయుడు చేతులెత్తేశాడు. "మొదటి కాయితం ఒక కొమ్మంది. రెండో కాయితం కూడా ఒక కొమ్మే అంటంది, పైగా మ్యాపు తెచ్చుకోమంటంది. ఇంక నానేటి సేసేది? ఆడు పక్కింట్లో ఉన్నట్టే. పక్కింట్లో ఉన్నోడి దొన్నె నీకెలా పొయ్యను?"

నీ గీత ఏం చేసిందో చూడు. నువ్వు నూరు కొమ్మల అవతల ఉంటే ఈపాటికి మెట్ట మీద నేను సామలు జల్లేదాన్ని. నువ్వు దగ్గరున్నానన్నావు కాబట్టి నా చేతికి విత్తనం లేదు.

నాన్న పోయిన ఉత్తరం నీకు అందడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. అప్పుడు నువ్వు ఎన్ని కొమ్మల దూరంలో ఉన్నావు? అది కొలిచావా?

మేస్త్రి పాతిన మేకుల్లో రెండు పీకి పొయ్యిలో పెట్టాను. మంచి కర్ర, బాగా మండింది. మర్నాడు నాలుగూ కొత్తవి పాతారు.

నేను చేసింది ఒప్పుకుంటాను. అరుగు మీద ఆ మాట మూడుసార్లు చదివింది నేను. ఒక్కసారి కళ్ళు దాటించేసినా ఎవరికీ తెలిసేది కాదు, సన్యాసిరావు తప్ప ఊళ్ళో ఇంకెవరికీ చదువు రాదు, అతను ఆ సాయంత్రం కొట్టు దగ్గరే ఉన్నాడు. కానీ మా అన్న దగ్గరకొచ్చేశాడని నాకు గర్వం వేసింది. గొంతు పెంచి మరీ చదివాను. దానికి నన్ను నేను తిట్టుకుంటున్నాను. నిన్ను ఇంకా ఎక్కువ తిడుతున్నాను.

వస్తావా, రావా? ఒక్కటి రాయి. సోమవారం అని మాత్రం రాయకు. తారీఖు వెయ్యి.

రత్నాలు

గుడ్డ అక్కర్లేదు.

*

కరాచీ
1929 జూన్ 14, శుక్రవారం

రత్నాలూ,

రాను.

ఈ మాట మొదట రాసి మిగతాది తర్వాత రాద్దామని అరగంట కూర్చున్నాను. నీ దగ్గర నేర్చుకున్నాను, చేసిన తప్పు ముందుగా చెప్పడం.

జ్వరాలు నిజం, టపా ఎక్కువ రావడం నిజం. దొర కదలనివ్వకపోవడం మాత్రం మొదటి వారమే నిజం. రెండో సోమవారం పడవ రేవు దాకా వెళ్ళాను. ఎర్ర గుడ్డ మూటలో ఉంది. రేవులో నిలబడి ఆలోచించాను. వస్తే దొన్నె పట్టాలి. దొన్నె పట్టినవాడు మెట్ట వదిలి పోకూడదు, కోతల దాకా. వారంలో వెనక్కి వస్తానని నీకు రాశానే గాని, అది కుదరదని నాకు తెలుసు. సుక్రు తాత మొహం చూసి వదిలి రాలేను కూడా. ఈ పని పోతుంది. నా చోట ఇంకొకడు గంటలో చేరతాడు. మూట పట్టుకుని మైదానానికి వచ్చేశాను.

పోయిన వారం నన్ను పైకి తీసుకెళ్ళారు. ఇంజను బాగుచేశాక పరీక్షకి పైలట్ దొర ఒక్కడే లేస్తుంటే, వెనక బరువు కావాలన్నాడు. ఇసక బస్తాకి బదులు నేను. పావుగంట ఎగిరాం. నేను ఆరు వారాలు గొలుసు వేసి కొలిచిన మైదానం అరచెయ్యంత అయింది. సముద్రం కదలడం మానేసింది. దూరం అనేది లేనట్టే ఉంది అక్కడి నించి చూస్తే. దిగాక నేల మీద కూర్చుండిపోయాను, పైలట్ దొర ఏదో అడిగాడు, ఈసారి నాకు వినబడలేదు. రత్నాలూ, ఆ పని నేర్చుకుంటాను. రెక్కల తీగలు బిగించేవాళ్ళ దగ్గర పెట్టుకుంటామన్నారు. మన కొండల నించి వచ్చినవాణ్ణి, ఎత్తుకి భయపడనని వాళ్ళకి తెలిసింది.

దూరంలో ఉన్నానని రాయమంటావని నాకు తెలుసు. నీ ఉత్తరం చదివిన వెంటనే అర్థమైంది. రాయలేకపోతున్నాను. ఒక కొమ్మ దాటినవాడి పేరు పండగలో పిలవరు. వాడి దొన్నె కట్టరు. వాడు తిరిగొచ్చినా చుట్టం లాగే వస్తాడు. నాన్న మెట్ట నీకు పోతే నాకు బాధ లేదు, నిజం. కానీ ఎంత దూరంలో ఉన్నానో ఇన్నాళ్ళూ కాయితం మీద పెట్టలేదు కాబట్టి ఏటా చైత్ర పున్నమికి సుక్రు తాత నా పేరు గట్టిగా పిలుస్తాడు, ఆ సంగతి తలుచుకునే ఆరేళ్ళు ఇన్ని దేశాలు తిరిగాను. ఆ గీత మ్యాపు మీద గీసింది ఊరికే కాదు. లండనే ఏడు రోజుల దగ్గరికి వచ్చేస్తే, మన ఊరు ఇంకా దగ్గరే కదా అనిపించింది. అది రాసుకుంటే నాకు నిద్ర పట్టింది.

నువ్వే ఇక్కడికి వచ్చెయ్. మెట్ట పోతే పోనీ. ఆరు రోజులే, నీ దగ్గర రైలు కాయితం ఉంది. కరాచీ రేవులో నేను ఎదురు నిలబడతాను. ఇక్కడ కొండలు లేవు, ఒంటెలున్నాయి. అలవాటవుతుంది.

గాసి

*

మన ఊరు
1929 జూన్ 25, మంగళవారం

నీ పేరు పోతుందని నా మెట్ట పోగొడుతున్నావు. ఇదీ నువ్వు చేస్తున్నది. పేరు పెట్టి రాస్తున్నాను, ఇంక దీన్ని హాస్యం అనలేవు.

రాను అని ఒక్క మాట రాసినందుకు మాత్రం నీ మీద కోపం సగం తగ్గింది. ఆ మాట ఏప్రిల్లో రాసి ఉంటే మొత్తం తగ్గేది.

నేను కరాచీ రాను. అక్కడ నాకేముంది? రేవులో నువ్వు నిలబడతావు, తర్వాత? నువ్వు రెక్కలు బిగిస్తావు, నేను గదిలో కూర్చుని ఒంటెల్ని చూడాలా? నీకు పైనించి చూడ్డం నచ్చింది. మంచిది. నేర్చుకో, పడిపోకు. నాకు ఎర్రమెట్ట నచ్చింది. మూడు వానలు పడ్డాయి. మట్టి చేతిలో పిసికితే ముద్దవుతోంది. ఊళ్ళో అందరి మెట్టలూ పచ్చబడుతున్నాయి, మనది ఒక్కటే గీసిన గడ్డంలా బోడిగా ఉంది. పొద్దున్నే తోటకి పోతూ దాని అంచునే నడుస్తాను. మేస్త్రి ఎదురై, "ఏటే రత్నాలు, లైనులో నీకు పదిహేడో నంబరు గది ఉంచేను, గాలి బాగా తగులుద్ది" అంటాడు. గాలి తగలడం అంటే కప్పుకి కన్నం ఉందని.

నిన్న సుక్రు తాత దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరం చదవలేదు, అందులోది నోటితో చెప్పాను. రాడని, పేరు కోసం బెంగ పెట్టుకున్నాడని. ముసలాయన చుట్ట ముట్టించాడు. "ఆడి పేరు నాను పిలవకూడదు. అది రివాజు. మెట్ట మీద నిలబడి దాని మనిషి ఎవుళ్ళ పేరు పిలిస్తే నాకేటి? కాకుల్ని తోలుతందనుకుంటాను" అన్నాడు.

విన్నావా? పండగలో నీ పేరు పిలవరు. విత్తనం జల్లే రోజున ఎర్రమెట్ట మీద నిలబడి నేను పిలుస్తాను. ఏటా పిలుస్తాను. నా గొంతు ఎంతో నీకు తెలుసు, అరుగు మీద చదివిన గొంతే. కానీ అది పిలవాలంటే నా కాళ్ళ కింద మెట్ట ఉండాలి. మెట్ట పోతే నీ పేరు పిలిచే చోటే ఉండదు. ఇది లెక్క. నీ మ్యాపు మీద లేనిది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. నాకు రాసే ఉత్తరం వేరు, నాయుడికి కాయితం వేరు. కాయితంలో సరదాలు వద్దు, లండను వద్దు, చెవులు గుంజుకునే దొర వద్దు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. దాన్ని చదివేది నేను కాదు, సన్యాసిరావు. నాకు కావలసిందే నేను చదువుతానని నాయుడికి అనుమానం వచ్చింది. రాకూడదని నేనూ అనలేను.

అందులో నీ గీత దూరం రాయకు. దారి దూరం రాయి. కరాచీ నించి ఎర్రమెట్టకి నేల మీద నడిచి వచ్చేవాడు ఎన్ని మైళ్ళు నడవాలి, రోజుకి కొమ్మ వాడేదాకా నడిస్తే ఎన్ని కొమ్మలు. నా లెక్కకి నూరు తేలింది, నాది పొట్లం లెక్క. నీది ఆరేళ్ళు గొలుసు పట్టిన చెయ్యి, నువ్వు కొలిస్తే నాయుడు కాదనడు. కొండలూ ఏళ్ళూ అన్నీ లెక్కలోకి రావాలి. ఆ కింద, ఒక కొమ్మ అని ముందు రెండుసార్లు రాసింది పిట్టల లెక్క, మనిషి లెక్క కాదు అని రాయి. ఆ కింద, నేను దారిలో లేను, మా ఇంట్లో ఉన్న చెయ్యి నా చెల్లి రత్నాలు చెయ్యి అని రాయి. సంతకం పెట్టు. వేలి ముద్ర కూడా వెయ్యి, ఇక్కడ దానికే విలువ.

ఎర్ర గుడ్డ పంపించు. కొమ్మకి బదులు గుమ్మానికి కడతాను. అది వాడదు.

ఈ ఉత్తరం నీకు జులై అయిదున చేరుతుంది. ఆషాఢ పున్నమి జులై ఇరవై ఒకటి. పది రోజులు టపా, వానకి ఘాటీలో ఒక రోజు ఎక్కువ. ఇరవయ్యో తేదీ సంతకి టపా మనిషి సంచిలో ఆ కాయితం ఉండాలి. అంటే జులై తొమ్మిది, మంగళవారం, సాయంత్రం టపా పెట్టె తెరిచేలోగా నువ్వు అందులో వెయ్యాలి. నాలుగు రోజులు ఇచ్చాను. ఎంత దగ్గరున్నావో రాసింది చాలు. ఎంత దూరంలో ఉన్నావో రాయి. జులై తొమ్మిది.

రత్నాలు